చిన్న బండ్ల ఐతారం

మా ఆయన నా గోళ్లరంగు ఎత్తుకెళ్లి ట్రాక్టరుకు పెట్టాడు. ఈ ముక్క చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ కోసం సూర్యాపేట బజారంతా తిరిగి కొన్న రంగు అది. అటు ఎరుపూ కాదు, ఇటు వంకాయ రంగూ కాదు. ఫంక్షన్ రోజు పొద్దున సీసా కోసం ఇల్లంతా వెతికి, చివరికి వెనకాల రేకుల షెడ్డులోకి పోతే, ఆయన ట్రాక్టరు పక్కన గొంతుక్కూర్చుని డీజిల్ పంపు మీది స్క్రూకు ఆ రంగు అద్దుతున్నాడు. మా పెళ్లిలో నాకు మెట్టెలు కూడా అంత శ్రద్ధగా తొడగలేదు.

"నీకేమన్న సిగ్గున్నదా?" అన్నాను.

"జర ఆగు. ఈ స్క్రూ ఇంత కదిలినా ఇంజన్ ఖతం. రంగు పెడితే ఎవడన్న ముట్టిండా లేదా తెలుస్తది."

"పెయింట్ దొరకలేదా లోకంలో?"

"పెయింట్ డీజిల్‌కు పోతది. నీది పోదు. నువ్వు ఇన్ని అంట్లు తోమినా పోతలేదు గద!"

అట్లాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ఆ రోజు బోసి గోళ్లతోనే ఫంక్షన్‌కు పోయాను. దారి పొడుగునా తిట్టాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఆ ట్రాక్టరు గురించి చెప్పాలి. పెద్ద ట్రాక్టరు కాదు. బత్తాయి తోటల్లో చెట్ల సాళ్ల మధ్య కొమ్మలు విరగకుండా దున్నడానికి ఎప్పుడో పాతకాలంలో వచ్చిన చిన్న బండి. ఒకటే సిలిండరు. బ్యాటరీ లేదు, తాళంచెవి లేదు, ముందు నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితేనే లేస్తుంది. దాని మీద కూర్చుంటే మా ఆయన మోకాళ్లు గదవ దాకా వచ్చేవి. వేములపల్లి దగ్గర ఒక పెద్దాయన బత్తాయి తోటలో తీగలు అల్లుకుని మట్టిలో కూరుకుపోయి ఉంటే తవ్వి తీసి తెచ్చుకున్నాడు. మా ఆయనది కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్ ఉద్యోగం. ఊరి మగాళ్లంతా సెలవునాడు నిద్రపోతుంటే ఈయన ఆ ఇనుముకు స్నానం పోసేవాడు.

ఈ పిచ్చి ఈయనకొక్కడికే అయితే ఏదో అనుకోవచ్చు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ చుట్టుపక్కల ఇట్లాంటి పాత చిన్న బండ్లున్నవాళ్లు గుప్పెడు మంది. నెలకొక ఆదివారం ఒకరి దగ్గర జమయ్యేవాళ్లు. దానికి పేరేమీ లేదు, "ఐతారం" అనేవాళ్లు, అంతే. "ఈ నెల ఐతారం ఎవరిది?" అంటే ఈ నెల వంతు ఎవరిదని. వంతు ఎవరిదైతే ముందు వాళ్ల బండి స్టార్ట్ కావాలి. తర్వాత చాయ్, తర్వాత మాంసం కూర, మధ్యలో అంతా గ్రీజు. ఆ బండ్లకు స్పేర్‌పార్టులు ఎక్కడా దొరకవు కాబట్టి ఒకరిది ఒకరు ఇచ్చుకుని నడుపుకునేవాళ్లు. ఇచ్చింది రాసుకోరు, పది మందిలో అడగరు. అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి ఉండేది: ఇంట్లో ఆడవాళ్లకు చెప్పకూడదు. ఒకసారి ఇచ్చిన గేరుముక్క వెనక్కి రాలేదని వేములపల్లి పెద్దాయన భార్య పోయి, తీసుకున్నవాళ్ల గడపలో కూర్చుని, అది చేతికొచ్చేదాకా లేవలేదట. ఆ పెద్దమ్మే నాకు చెప్పి పడీపడీ నవ్వింది. అప్పటి నుంచి ఆ కట్టుబాటు.

మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ బండి అంటే నాకు మంట. ఆదివారం పొద్దున అది లేచిందంటే వంటింట్లో గిన్నెలన్నీ గలగలలాడేవి. గూట్లో స్టీలు గ్లాసులు ఒక్కోటి జరుగుతూ జరుగుతూ కింద పడేవి. "నీ బండి పాడుగాను!" అని ఇక్కడి నుంచి నేను, "ఇంకొక్క నిమిషం!" అని అక్కడి నుంచి ఆయన. అది మా ఆదివారం.

రెండేళ్ల కింద ఎండాకాలంలో పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు పోయేలోపే అంతా అయిపోయింది. అంతకుముందు కొన్నాళ్లుగా ఆయన బండి స్టార్ట్ చేయడం లేదు. ఎందుకని అడిగితే, "ఎండ జర తగ్గనీ" అన్నాడు. గిన్నెలు పడకపోతే నాకదే పదివేలు అనుకుని ఊరుకున్నాను.

దినాలయ్యాక మా మరిది కూర్చోబెట్టి మాట్లాడాడు. షెడ్డున్న జాగా ఇద్దరన్నదమ్ములది. అక్కడ దుకాణం కట్టుకుంటానని ఎప్పటి నుంచో అంటున్నాడు. చెడ్డవాడు కాదు, మాట కూడా మెత్తగానే అన్నాడు.

"సంవత్సరీకం దాక నేను జాగా ముట్ట వదినా. గని బండిని ఏం చేస్తవో నువ్వే చూసుకో. నడిస్తే ఏదన్న తోటకు పోతది. నడవకపోతే పాత ఇనుమే గద."

వేములపల్లి పెద్దాయన్ని అడిగాను. "నడిచే బండైతే తోల్కరా బిడ్డా, నా తోటలనే ఉంటది, నువ్వు ఎప్పుడొచ్చినా నీ ముంగట స్టార్ట్ చేస్త. నడవనిది మాత్రం ఒద్దు. నడవనియి నా దగ్గర ఇప్పటికే రెండున్నయి, ఇంకో పీనుగను యాడ పెట్టుకోను?" అన్నాడు.

అంటే ఏడాది. ఏడాదిలోపు అది లేవాలి. లేస్తే వేములపల్లికి, లేవకపోతే తూకానికి. ఇంత తిట్టిన బండి మీద నాకెందుకింత పట్టుదల అని మా చెల్లెలు కూడా అడిగింది. ఏం చెప్పను? ఇంట్లో గిన్నెలు కదలడం లేదు. పెట్టిన గ్లాసు పెట్టిన చోటే ఉంటుంది. ఆ నిశ్శబ్దానికి నాకు పిచ్చెక్కుతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ గ్లాసులు కింద పడాలి. అంతే కావాలి నాకు.

అందుకే ఐతారం నేను మొదలుపెట్టాను. ఆయన ఫోన్ తీసి, వాట్సాప్ గ్రూపులో నా గొంతుతోనే చెప్పాను: "ఈ నెల ఐతారం మాదే. అందరు రావాలె." అంగన్‌వాడీ టీచర్ని నేను. పిల్లలను ఒకచోట కూర్చోబెట్టడం నాకు కొత్త కాదు. కానీ ఈ మగాళ్లను కూర్చోబెట్టడం ముందు అదేపాటి? ఒకరు వస్తే ఒకరు రారు. ఒకరికి వరినాట్లు, ఒకరికి పెళ్లి, ఒకరికి నడుంనొప్పి. ఫోన్ల మీద ఫోన్లు చేసి, బతిమాలి, తిట్టి, తలకాయ కూర వండుతానని ఆశపెట్టి రప్పించేదాన్ని. తుంగతుర్తి నుంచి గొర్రెలు పెంచే తమ్ముడొకడు వచ్చేవాడు, అతనికి పవర్ టిల్లర్ ఉంది. మాంసం అతనే తెచ్చేవాడు.

వచ్చినవాళ్లు మొదటి ఆదివారం ఏడ్చారు. ఏడ్చాక హ్యాండిల్ తిప్పారు. తెల్లటి పొగ వచ్చింది, అంతే, ఇంజన్ అందుకోలేదు. "ఎయిర్ పట్టింది అక్కా, ఏం లేదు" అన్నాడు తుంగతుర్తి తమ్ముడు. ఎయిర్ తీశారు. లేవలేదు. మళ్లీ నెల "నాజిల్ పోయింది" అన్నారు. ఒకాయన తన బండి నాజిల్ విప్పుకొచ్చి వేశాడు. లేవలేదు. వాల్వులన్నారు, కంప్రెషన్ అన్నారు, డీజిల్‌లో నీళ్లన్నారు. ట్యాంకు కడిగి ఎండబెట్టారు. అన్నం తిని, చేతులు కడుక్కుని, "వచ్చే ఐతారం పక్కా" అని పోయేవాళ్లు. వాళ్లు పోయాక పొగ వాసన ఉండేది షెడ్డులో. ఆ వాసనకే నాకు ఆశ పుట్టేది, పాడు ఆశ.

పంపు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆ పంపు వాళ్లకు దేవుడితో సమానం. మా ఆయన ఎక్కడో ముసలి మెకానిక్ దగ్గర కూర్చుని సెట్ చేయించుకున్న పంపు అది, ఆ మెకానిక్ కూడా ఇప్పుడు లేడు. మూడు తాలూకాల్లో అంత మంచి పంపు లేదని వాళ్ల నమ్మకం. ట్రాక్టరు ఆ పక్కంతా గోడకు ఆనుకుని ఉంటుంది, సన్నటి సందు. సందులోకి చెయ్యి పెట్టాల్సి వచ్చినా పంపుకు తగలకుండా జాగ్రత్తగా తీసేవాళ్లు.

నాకు ఓపిక పోయి బస్టాండ్ దగ్గరి డీజిల్ మెకానిక్‌ను పిలిపించాను. అతను ఐదు నిమిషాలు చూసి, స్పానర్ తీసుకుని సందులోకి ఒరిగాడో లేదో, వేములపల్లి పెద్దాయన కేకేశాడు.

"ఏయ్! పంపు ముట్టకు!"

"ముట్టకుంటే ఎట్ల తెలుస్తది పెద్దాయనా? నాకు దాని మీదనే డౌటు."

"ఈ బండిల బాగున్నది అదొక్కటే. దాన్ని ఇప్పినవనుకో, మర్యాద దక్కదు!"

తుంగతుర్తి తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు. మిగతావాళ్లు ఆ మెకానిక్ చేతిలో స్పానర్ గుంజుకున్నంత పని చేశారు. "అట్లయితే మీరే చేసుకోండ్రి" అని అతను తన బైకెక్కి పోయాడు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కడుపు నిండింది. మా ఆయన చేసిన పని మీద ఇంతమందికి ఇంత గురి ఉందా అనిపించింది. ఆ పూట ఇంకో ముక్క ఎక్కువే వడ్డించాను.

ఒక్క ఐతారానికీ రానివాడు ఒక్కడే, కోదాడాయన. కోదాడ దాటి అనంతగిరి వైపు మామిడి తోట ఉంది అతనికి. మా ఆయనకు ప్రాణం. చావుకు వచ్చి గోడకు తల కొట్టుకుని ఏడ్చిన మనిషి, మళ్లీ మా గడప తొక్కలేదు. గ్రూపులో లేడు, బటన్ల ఫోనే. మధ్యలో వంతు ప్రకారం ఐతారం వాళ్ల తోటలో జరగాలి. నేను జరగనివ్వలేదు. కోదాడలో కూర్చుని తింటే నా బండి లేస్తుందా? ఆ వంతు గుంజుకుని మళ్లీ మా షెడ్డులోనే పెట్టాను. తర్వాత మిర్యాలగూడ వైపు వంతు కూడా అంతే. ఏడాదంతా అన్ని ఐతారాలూ మా ఇంటి వెనకే.

అప్పుడొకసారి కోదాడాయన ఫోన్ చేశాడు. "వదినా, బాగున్నారా? బండి ఎట్లా ఉంది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "బండిని చూడాల్నంటే వచ్చి చూడు. ఫోన్ల పరామర్శలు నాకొద్దు" అని పెట్టేశాను. మళ్లీ చేయలేదు.

నెలలు గడిచేకొద్దీ మనుషులు తగ్గారు. తలకాయ కూరకు కూడా రావడం మానేశారంటే అర్థం చేసుకోండి. సంవత్సరీకం ముందటి ఆదివారానికి పెద్దాయన, తుంగతుర్తి తమ్ముడు, అంతే. పొద్దుటి నుంచి మార్చి మార్చి హ్యాండిల్ తిప్పారు. పెద్దాయనకు ఆయాసం వచ్చి బస్తా మీద కూలబడ్డాడు. తమ్ముడి అరచేతుల్లో బొబ్బలు. నేను కొంగు దోపుకుని హ్యాండిల్ పట్టుకున్నాను.

"అక్కా, వద్దు! ఎదురు తంతది!"

తన్నింది. మణికట్టు విరిగిందనే అనుకున్నాను. రెండో చేత్తో తిప్పాను. ఏడుస్తూ తిప్పాను. "లే! నీ కాళ్లు మొక్కుత, లేవే! ఒక్కసారి లే!" అని దాన్ని బతిమాలాను. రేడియేటర్ మీద తల పెట్టి అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు, చూడనీ. తెల్లపొగ వస్తూనే ఉంది. నోటిదాకా వచ్చి ఆగిపోయే మాటలాగా అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది.

"ఆ పంపు ఒక్కటి ఇప్పి చూడుండ్రి పెద్దయ్యా. ఇగ పోయేదేముంది?" అన్నాను.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. అది వాని సెయ్యి. బండి పోతే పోయింది, వాని సెయ్యినన్న చెడగొట్టొద్దు."

నేనూ సరే అన్నాను.

సంవత్సరీకం అయిన మూడోనాడు పాత ఇనుము ఆటోట్రాలీ వచ్చింది. నేను షెడ్డులోకి పోలేదు. వంటింట్లో కూర్చుని చెవులు మూసుకున్నాను. వాళ్లు దాన్ని ఈడ్చి ట్రాలీ మీదికి ఎత్తి దబ్బుమని పడేసినప్పుడు గూట్లో ఒక గ్లాసు కదిలింది. ఒక్కటే. పడలేదు. హ్యాండిల్ మాత్రం ముందే తీసి మంచం కింద దాచుకున్నాను.

అదే వారం వేములపల్లి పెద్దాయన ఫోన్ చేశాడు. "కోదాడ వంతు ఏడాది నుంచి ఆగి ఉన్నది బిడ్డా. ఈ ఐతారం అందరం ఆడికే పోదామంటున్నరు. నువ్వు కూడ రా."

రాననే అన్నాను. బండి లేనిదాన్ని, నాకేం పని? తర్వాత మంచం కింద హ్యాండిల్ గుర్తొచ్చింది. ఇంట్లో పెట్టుకుని దాన్ని చూస్తూ బతకడం నావల్ల కాదు. ఎవరికో ఒకరికి ఇచ్చి, ఫోన్‌లో గ్రూపు తీసేసి, ఈ సంబంధం ఇంతటితో తెంచుకుందామని, దాన్ని పాత చీరలో చుట్టి కోదాడ బస్సెక్కాను. కండక్టర్ "ఏందమ్మా అది, గడ్డపారనా?" అన్నాడు. కాదన్నాను. అక్కడి నుంచి ఆటోలో తోటకు పోయాను.

మామిడి చెట్ల కింద టేబుల్ వేసి అన్నీ సర్దారు. రెండు గిన్నెల్లో అన్నం, కూర, పక్కన బోర్లించిన స్టీలు గ్లాసులు. నేను వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. కోదాడాయన తల ఎత్తలేదు.

"అన్న లేని ఆ షెడ్డుకు రాలేకపోయాను వదినా. తిట్టండి" అన్నాడు.

తిట్టాలనే పోయాను. కానీ మనిషి సగమైపోయి ఉన్నాడు. చీర విప్పి హ్యాండిల్ చేతిలో పెట్టాను. "మా బండిది. ఈ రోజు వంతు నీది గద, దీనితోనే కొట్టు" అన్నాను. బండి సంగతి నేను చెప్పలేదు. వాళ్లలో ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. వాళ్లు నేను చెప్పి ఉంటాననుకున్నారు.

అతను హ్యాండిల్‌ను కళ్లకద్దుకుని తన బండికి పెట్టి తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది.

ఆ చప్పుడు! అన్ని చిన్న బండ్లదీ ఒకటే చప్పుడని నేను అనుకునేదాన్ని. టేబుల్ మీద గ్లాసులు గలగలమన్నాయి. అచ్చం మా బండి చప్పుడే. చప్పుడు ఎటు నుంచి వస్తుందో చూడాలన్నట్టు బండి పక్కకు పోయి వంగాను. మా షెడ్డులో ఆ పక్క గోడ ఉండేది, ఇక్కడ లేదు. పంపు మీద స్క్రూ ఉంది. స్క్రూ మీద చుక్క ఉంది. అటు ఎరుపూ కాదు, ఇటు వంకాయ రంగూ కాదు.

"ఈ పంపు యాడిది?" అని అరిచాను.

అతను తడబడ్డాడు. పెద్దాయన వైపు చూశాడు. "అన్నదే వదినా. నిరుడు కాయ మీద మందు కొట్టే రోజుల్లో నా బండి డీజిల్ పంపు పోయింది, మందు మిషన్ నడవలేదు. తోటంతా పురుగు. అన్న తనది విప్పి ఇచ్చాడు. నా పంపు పట్టుకుపోయి, బాగు చేసి తన బండికి పెట్టుకున్నానని, బ్రహ్మాండంగా నడుస్తుందని ఫోన్ చేసి చెప్పాడు. నేను వెనక్కి ఇస్తానంటే, వద్దు, పంట అయ్యేదాకా ఉంచుకో అన్నాడు. మీ వదినకు మాత్రం చెప్పకురా, చంపుద్ది అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే..." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ రోజు ఫోన్ చేసింది దీని గురించే. మీరు కోపంగా ఉన్నారు. చెప్పొద్దన్న మాట కూడా ఉంది గదా అని ఊరుకున్నా. మీకిప్పుడు కావాలంటే విప్పి ఇస్తా వదినా. మీ బండి బాగానే నడుస్తుంది గదా?"

పెద్దాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఏడాది పొడుగునా మేం దేవుడిలా కాపాడింది ఈ కోదాడాయన బండిలోంచి వచ్చిన చచ్చిన పంపును. ఎవరూ ముట్టనివ్వలేదు, నేనూ ముట్టనివ్వలేదు. బాగు చేశానని స్నేహితుడికి అబద్ధం చెప్పాడు, ఎండ తగ్గనీ అని నాకు అబద్ధం చెప్పాడు, ఇద్దరికీ రెండు అబద్ధాలు చెప్పి పోయాడు నా మొగుడు. వాడి మంచితనం మండిపోను!

"మొన్ననే తూకానికి పోయింది" అన్నాను.

కోదాడాయన చెయ్యి ఇంజన్ ఆపే లివర్ మీదికి పోయింది.

"ఆపకు!" అన్నాను. "ఆపితే చంపుత. నడవనీ."

అతను చెయ్యి తీసేశాడు. నేను బండి పక్కనే మట్టిలో కూర్చున్నాను. టేబుల్ మీద గ్లాసులు ఒక్కోటి జరుగుతూ జరుగుతూ అంచుకు వస్తున్నాయి. తుంగతుర్తి తమ్ముడు పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపాను. మొదటిది పడింది. తర్వాత ఇంకోటి పడింది. ట్యాంకులో డీజిల్ అయిపోయేదాకా ఎవరూ అన్నానికి లేవలేదు.